నవ్వే పువ్వులు, బంగారు మబ్బులు

2007 అక్టోబరు చివర్లో లాస్ ఏంజెలెస్ సమకాలీన కళల మ్యూజియంలో, కార్టూన్లనూ సరుకుల బొమ్మలనూ కళగా మలిచే జపాన్ పాప్ కళాకారుడు తకాషి మురకామి ప్రదర్శన మొదలైంది. బొమ్మలు చూస్తూ గదులు దాటుతున్నవాళ్లకు మధ్యలో ఒక దుకాణం తగిలేది. దుకాణంలా కనిపించే కళాఖండం కాదది, నిజంగా సరుకు అమ్మే దుకాణమే. లోపల లూయి విటాన్ చేతిసంచులు, వాటి మీద మురకామి రంగులు దిద్దిన అక్షరాల అల్లిక, డబ్బు తీసుకుని బిల్లు ఇచ్చే ఉద్యోగులు. మరుసటేడు ఆ ప్రదర్శన బ్రూక్లిన్ మ్యూజియానికి తరలితే దుకాణం కూడా వెంట వెళ్లింది. మ్యూజియం అంటే క్రయవిక్రయాలు సోకని చోటు అనుకునే అమెరికా విమర్శకులు కొందరికి ఇది మింగుడు పడలేదు. మురకామి మాత్రం ప్రదర్శనకు ఆ దుకాణమే గుండెకాయ అన్నాడు.

జపాన్‌లో పెరిగినవాళ్లకు ఇందులో అంత వింత కనపడదు. ఆ దేశంలో కళను జనం చూడటం నేర్చుకున్నది చాలావరకు డిపార్ట్‌మెంట్ స్టోర్లలో. కిమోనో బట్టలమ్మే మిత్సుకోషి 20వ శతాబ్దం తొలి దశకంలోనే చిత్రాలకు విడిగా ఒక విభాగం తెరిచింది. 1975లో సెయిబు సంస్థ టోక్యోలోని ఇకెబుకురో స్టోరు పై అంతస్తులో ఏకంగా ఆధునిక కళల మ్యూజియమే పెట్టింది. కింద చెప్పులు, చీనీ పాత్రలు, పైన యూరప్ నుంచి తెచ్చిన చిత్రాలు, ఎక్కేది మాత్రం ఒకే లిఫ్టు. 2000లో మురకామి తన ‘సూపర్‌ఫ్లాట్’ వాదాన్ని జనం ముందు పెట్టిన మొదటి ప్రదర్శన కూడా షిబుయాలోని పార్కో అనే ఫ్యాషన్ దుకాణ సముదాయం గ్యాలరీలోనే జరిగింది.

ఇంకా వెనక్కి వెళ్తే అసలు మాట దగ్గరికే చేరతాం. జపాన్ భాషలో కళను ‘బిజుత్సు’ అంటారు. వెయ్యేళ్ల చిత్రలేఖన సంప్రదాయం ఉన్న దేశంలో ఈ మాట వయసు నూట యాభై ఏళ్లు మాత్రమే. 1873లో వియన్నాలో ప్రపంచ వస్తు ప్రదర్శన జరిగింది. ఏ సరుకు ఏ విభాగంలోకి వస్తుందో చెప్పే నియమావళి అంతకు ముందు ఏడాది టోక్యోకు చేరింది. అందులోని ఒక జర్మన్ మాటకు సరిపోయే పదం దొరక్క అధికారులు కొత్తగా ఒకటి కూర్చారు. అదే బిజుత్సు. అంతదాకా పింగాణీ చేసేవాడు, తెర మీద కొంగలు వేసేవాడు, కత్తిపిడి చెక్కేవాడు ఎవరి పని వాళ్లు చేసుకునేవారు తప్ప, వీళ్లందరినీ కలిపి పిలిచే పేరు ఒకటి అవసరం పడలేదు. విదేశీ కొనుగోలుదారు ముందు నిలబడాల్సి వచ్చినప్పుడు ఆ అవసరం పడింది. సమకాలీన జపాన్ పాప్ కళలో వినిమయమూ జాతీయతా ఎందుకంత విడదీయరానట్టు పెనవేసుకున్నాయో అర్థం కావాలంటే ఈ పుట్టుక గుర్తుండాలి. జపాన్ తనను తాను ‘జపాన్’గా చిత్రించుకోవడం మొదలుపెట్టింది ఎదుటి గిరాకీని చూస్తూనే.

ఆ తరవాతి ఘట్టంలో మనకూ ఒక తీగ తగులుతుంది. పాశ్చాత్య తైలవర్ణ చిత్రాలు వచ్చి పడుతున్న రోజుల్లో, అమెరికా నుంచి పాఠాలు చెప్పడానికి వచ్చిన ఫెనొలోసా, ఆయన శిష్యుడు ఒకకురా కకుజో కలిసి స్వదేశీ పద్ధతికి ‘నిహోంగా’, అంటే జపాన్ చిత్రం, అనే పేరును స్థిరపరిచారు. ఖనిజాల పొడి, జంతువుల జిగురు, పట్టు లేదా కాగితం అందులో సామగ్రి. 1889లో తలుపులు తెరిచిన టోక్యో కళాశాలలో మొదటి కొన్నేళ్లు తైలవర్ణ చిత్రలేఖనం నేర్పనే లేదు. ఒకకురా 1902లో కలకత్తాలో ఠాగూర్ల ఇంట గడిపాడు. మరుసటేడు ఆయన శిష్యులు యొకొయామా తైకాన్, హిషిదా షున్‌సో అక్కడికే వచ్చారు. నీటిరంగును తడిపి, కడిగి, మళ్లీ పూసే వాష్ పద్ధతిని అవనీంద్రనాథ్ ఠాగూర్ వాళ్ల పని చూసే మలుచుకున్నాడు. బెంగాల్ శైలికి అదే ముఖం అయింది. ఆ శైలి ప్రమోద కుమార్ చటర్జీ వెంట బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు వచ్చింది. అడివి బాపిరాజు కుంచె పట్టింది ఆయన దగ్గరే. బందరులో ‘స్వదేశీ’గా నేర్చుకున్న పొగమంచులాంటి రంగులో టోక్యో నీళ్లు కొన్ని కలిసే ఉన్నాయి. జాతీయ శైలి అనేది ఎంత ప్రయాణం చేసి తయారవుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

1962లో పుట్టిన మురకామి ఆ టోక్యో కళాశాల వారసురాలైన విశ్వవిద్యాలయంలోనే, ఆ నిహోంగాలోనే 1993లో డాక్టరేట్ తీసుకున్నాడు. పాప్ కళాకారుడంటే సంప్రదాయం తెలియని తిరుగుబాటుదారు అనుకుంటే ఈ మనిషి అర్థం కాడు. బంగారు రేకు అతికించడం, రంగు పొరలు సమంగా పరవడం పదేళ్లకు పైగా నేర్చుకుని, ఆ విద్య మ్యూజియం వస్తువుగా ఎండిపోయిందని తేల్చుకున్నాడు. తన తరం నిజంగా చూస్తూ పెరిగినవి మాంగా అనే బొమ్మల కథల పుస్తకాలు, టీవీలో వచ్చే యానిమే కార్టూన్లు, ప్లాస్టిక్ బొమ్మలు. డాక్టరేట్ పట్టా చేతికొచ్చిన ఏడాదే పెద్ద చెవుల, గుండ్రటి తల మిస్టర్ డాబ్ అనే బొమ్మ పుట్టింది. ‘ఎందుకు? ఎందుకు?’ అనే మాటను వంకర తిప్పిన ఒక పాత హాస్య పలుకులోంచి ఆ పేరు వచ్చింది.

సూపర్‌ఫ్లాట్ వాదం వినడానికి తేలిక. పాశ్చాత్య చిత్రం కిటికీ లాంటిది, చూపు ఒక బిందువు వైపు లోపలికి పోతుంది. జపాన్ చిత్రంలో లోతు లేదు, చూపు పైపైనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకుతూ పోతుంది. కళాచరిత్రకారుడు నొబువో త్సుజి 1970లో, పాఠ్యపుస్తకాలు పక్కన పెట్టిన ఎడో కాలపు (17–19 శతాబ్దాల) ‘విచిత్ర’ చిత్రకారులను, ఇవాసా మతబెయి, ఇతో జకుచు, సొగా షొహాకు లాంటివాళ్లను, ఒక వరసలో నిలబెట్టి చూపించాడు. మురకామి ఆ వరసను పొడిగించి టీవీ యానిమే దాకా లాగాడు. 1963లో మాంగా చిత్రకారుడు ఒసాము తెజుకా వారం వారం కార్టూన్ తీయాల్సి వచ్చి, డబ్బూ సమయమూ చాలక, బొమ్మల సంఖ్య తగ్గించి, నిలిచిన బొమ్మ మీద కెమెరాను నడిపించాడు. ఆ పొదుపులోంచి పుట్టిన చదును అందం షొహాకు తెరల్లోని అందానికి మనవడే అంటాడు మురకామి. రెండో అర్థం ఇంకా ముఖ్యం. కళకూ సరుకుకూ, పెద్దదానికీ చిన్నదానికీ మధ్య ఎత్తుపల్లాలు కూడా జపాన్‌లో చదునే అంటాడు. 2003లో ఒకే ఏడాది ముప్పై మూడు రంగుల విటాన్ సంచులూ, కన్వీనియన్స్ స్టోర్లలో మిఠాయితో కలిపి అమ్మిన చిట్టి ‘సూపర్‌ఫ్లాట్’ బొమ్మలూ ఆ వాదానికి రెండు చివర్లు.

ఆ చదును నిజంగా అంత చదునా? 1997లో చేసిన ‘మిస్ కో’ అనే నిలువెత్తు వెయిట్రెస్ శిల్పానికి రూపమిచ్చింది బోమే. ఒసాకా దగ్గరి కైయోదో సంస్థలో ప్లాస్టిక్ బొమ్మలు మలిచే నిపుణుడతను. మరుసటేడు తయారైన ‘మై లోన్‌సమ్ కౌబాయ్’ శిల్పం 2008 మే నెలలో న్యూయార్క్ సాథబీస్ వేలంలో కోటీ 51 లక్షల డాలర్లు దాటింది. జపాన్‌లో ఇలాంటి బొమ్మలనే ప్రాణంగా ప్రేమించే ఒటాకులు చాలామంది ఈ ధర విని సంతోషించలేదు. తమ గది లోపలి ప్రేమను ఎవరో తీసుకుపోయి, పెద్దది చేసి, తెలియనివాళ్లకు అమ్మాడని నొచ్చుకున్నారు. వాళ్ల బాధలో న్యాయం ఉంది. పిల్లల బట్టల కంపెనీ ఒకటి తన డాబ్‌ను పోలిన ఎలుకలను వాడుకుందని మురకామి కోర్టుకెక్కాడు, ఆ వ్యాజ్యం 2006లో రాజీతో ముగిసింది. హద్దులు లేవన్న చిత్రకారుడికి కాపీరైటు హద్దు మాత్రం ఉంది. అతని గురించి ఎక్కువగా చెప్పేది వాదం కన్నా ఈ వ్యాజ్యమే.

డబ్బుకూ దేశానికీ కళకూ మధ్య ఈ ముడిని అంతకు నలభై ఏళ్ల ముందే మరొకరు, చేతిలో చిల్లిగవ్వ పెట్టుబడి లేకుండా, విప్పి చూపించారు. 1963లో కళాకారుడు గెంపేయి అకసెగావా తన ప్రదర్శన ఆహ్వానపత్రం మీద వెయ్యి యెన్ నోటు బొమ్మ ఒకవైపు మాత్రమే, ఒకే రంగులో అచ్చువేయించాడు. ఎవరూ దాంతో బియ్యం కొనలేరు. అయినా ప్రభుత్వం నోటును పోలిన వస్తువు తయారుచేశాడని కేసు పెట్టింది. 1966లో టోక్యో కోర్టు హాలులో, ఇవన్నీ కళేనని నిరూపించడానికి తోటి కళాకారుల వస్తువులు సాక్ష్యాలుగా పరిచారు. న్యాయమూర్తి ముందే ఒక ప్రదర్శన జరిగినట్టయింది. శిక్ష పడింది, అమలు వాయిదా పడింది, 1970లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఒలింపిక్స్, బుల్లెట్ రైలు, ఇంటింటికీ టీవీ వస్తున్న ఆ రోజుల్లో జపాన్ ప్రభుత్వం ఏ బొమ్మను పవిత్రంగా కాపాడుకుందో ఆ తీర్పు చెప్పేసింది.

పాప్ కళలో జాతీయత ప్రశ్న పూర్తిగా బయటపడింది 2005లో. న్యూయార్క్ జపాన్ సొసైటీలో మురకామి కూర్చిన ప్రదర్శన పేరు ‘లిటిల్ బాయ్’, అంటే చిన్న పిల్లవాడు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద పడిన బాంబు సంకేతనామం అది. ఆ పేరులో ఇంకో గాయం కూడా దాగి ఉంది. యుద్ధం ఓడాక జపాన్‌ను ఆరేళ్లు శాసించిన అమెరికా సేనాని మెకార్థర్ 1951లో అమెరికా సెనెట్ ముందు, ఆధునిక నాగరికత కొలతలో జపనీయులు పన్నెండేళ్ల పిల్లవాడి లాంటివాళ్లని అన్నాడు. దాదాపు దేవుడిలా చూసిన మనిషి నోట ఆ మాట విని జపాన్ జనం చిన్నబుచ్చుకున్నారు. మురకామి ఆ అవమానాన్నే సిద్ధాంతం చేశాడు. ఓడిపోయిన దేశానికి యుద్ధం చేయకూడదనే రాజ్యాంగం వచ్చింది, రక్షణ అమెరికా చూసుకుంది, దేశం కడుపులో చల్ల కదలకుండా సరుకులు తయారుచేసుకుంటూ, కొనుక్కుంటూ ఎదగని పిల్లాడిలా ఉండిపోయింది. ముద్దుతనాన్ని ఆరాధించే ‘కవాయి’ సంస్కృతి, బొమ్మల మధ్య బతికే ఒటాకు జీవితం ఆ ఎదగకపోవడానికి లక్షణాలు. చెప్పుకోలేని అణుభయం పిల్లల కథల్లోంచి బయటికి వచ్చింది. 1954లో బికినీ దీవుల అణుపరీక్ష బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది, ఆ ఏడాదే గాడ్జిల్లా సముద్రంలోంచి లేచింది. 1970ల టీవీ కార్టూన్ ఒకదానిలో దుష్టులు ఓడిన ప్రతిసారీ పుర్రె ఆకారపు పుట్టగొడుగు మేఘం లేచేది, చూసే పిల్లలు నవ్వేవారు. మురకామి 2001 నుంచి ఆ మేఘాన్ని గులాబీ రంగులో, పసుపులో, కంటిగూళ్లలో నవ్వే పువ్వుల దండలతో పదేపదే చిత్రించాడు. అతని పనిలో మనసును నిజంగా పట్టి ఊపేవి ఆ మేఘాలే. అందంగా ఉన్నాయన్న ఒక్క కారణానికే వాటి ముందు నిలబడటం కష్టమవుతుంది.

కానీ ఆ సిద్ధాంతానికి ఒక పెద్ద లోటు ఉంది, దాన్ని దాటేయకూడదు. ‘లిటిల్ బాయ్’ చెప్పే కథలో ఇద్దరే పాత్రలు, జపాన్, అమెరికా. కొరియా లేదు, చైనా లేదు, ఫిలిప్పీన్స్ లేదు. పిల్లవాడు దెబ్బ తిన్నాడు సరే, దెబ్బ తినకముందు ఆ పిల్లవాడు ఏం చేశాడు? న్యూయార్క్ గ్యాలరీలో వినడానికి ఈ కథ తేలికగా ఉంటుంది, 1937లో జపాన్ సైన్యం ఊచకోత కోసిన చైనా నగరం నాన్జింగ్‌లో ఉండదు. ఇక్కడ కూడా ఎదురుగా ఉన్న గిరాకీయే కథను తీర్చిదిద్దింది.

ఆ లోటును గుచ్చి చూపిన చిత్రకారుడు మకొతో అయిదా. యుద్ధకాలంలో సైన్యం కోసం ప్రముఖ చిత్రకారులు వేసిన యుద్ధచిత్రాలు 153 అమెరికా పట్టుకుపోయింది. 1970లో వాటిని తిరిగి పంపింది కానీ, కాగితాల మీద అవి ‘గడువు లేని అరువు’. టోక్యో జాతీయ ఆధునిక కళల మ్యూజియం వాటన్నిటినీ ఒకేసారి గోడకెక్కించకుండా కొద్దికొద్దిగా చూపిస్తూ వచ్చింది. ఈ ఇబ్బందినే తీసుకుని అయిదా 1990ల మధ్యలో ఒక వరస చిత్రాలు వేశాడు. 1996 నాటి చిత్రంలో మన్‌హట్టన్ తగలబడుతుంటుంది, పైన జపాన్ వాళ్ల జీరో యుద్ధవిమానాలు పడుకున్న ఎనిమిదంకెలా, అంతులేని మెలికలో మెరుస్తూ తిరుగుతుంటాయి. పాత నగరచిత్రాల మాదిరి ఆరు పలకల మడతతెర, అతికించిన అట్టలన్నీ వార్తాపత్రిక కాగితాలు. ఐదేళ్ల తరవాత న్యూయార్క్ జంట భవనాల మీద జరిగిన విమాన దాడి ఆ చిత్రాన్ని చూసే కళ్లను మార్చేసింది. పగతీర్చుకునే పిల్లవాడి కల అందంగా ఉంటే ఎంత భయం వేస్తుందో మురకామి మేఘాల కంటే సూటిగా ఆ తెర చెబుతుంది. అది దేశభక్తో దానికి ఎదురో అయిదా చెప్పడు, చూసేవారే తేల్చుకోవాలి.

ఇంతలో ప్రభుత్వమే ముద్దుబొమ్మల వెంట పడింది. హలో కిట్టీ చరిత్ర ఇందుకు మంచి అద్దం. 1974లో సాన్రియో సంస్థలో పుట్టిన ఈ నోరులేని పాప తొలుత ఒక చిన్న వినైల్ చిల్లర సంచి మీద అమ్ముడైంది. కథ ప్రకారం ఆమె ఊరు లండన్ శివార్లు, ఎందుకంటే అప్పట్లో జపాన్ అమ్మాయిలకు ఇంగ్లండ్ అంటే మోజు. విదేశీ సరుకుగా కనిపించడానికి పుట్టిన బొమ్మ 2008లో చైనా, హాంకాంగ్‌లకు జపాన్ పర్యాటక రాయబారి అయింది. మన ఇళ్లలో పిల్లలు టీవీలో చూసే డోరేమాన్ అదే ఏడాది యానిమే రాయబారి అయ్యాడు. ‘కూల్ జపాన్’ పేరుతో 2013లో ప్రభుత్వ నిధి ఒకటి మొదలై నష్టాలు మూటగట్టుకుంది. 2016 రియో ఒలింపిక్స్ ముగింపులో ప్రధాని షింజో అబే వీడియో గేమ్ మారియో టోపీ పెట్టుకుని వేదిక మీద లేచాడు. సైన్యం పేరెత్తలేని దేశానికి ముద్దుతనం ఒక దౌత్య భాష అయింది. ఆ భాషకు అమ్మకందారు గొంతు తప్ప మరో గొంతు లేకపోవడమే దాని బలహీనత. చిం పోం అనే యువ కళాకారుల బృందం 2006లో షిబుయా వీధుల్లో ఎలుకలు పట్టి, పికాచు అనే కార్టూన్ జీవిలా పసుపు రంగేసి, తోలులో గడ్డి నింపి నిలబెట్టింది. ‘సూపర్ ర్యాట్’ అని దానికి పేరు. షాపింగ్ వీధి చెత్త తిని బతికే, ఏ విషానికీ చావని ఆ జీవులే టోక్యో అసలు ముఖమని వాళ్ల వాదన.

2011 మార్చి 11 భూకంపం, సునామీ, ఫుకుషిమా అణుకేంద్రం ప్రమాదం ఈ ఆటనంతా ఒక్కసారిగా బరువెక్కించాయి. అణుభయం టీవీ కార్టూన్ జ్ఞాపకంగా ఉండటం మానేసి తాగే నీళ్లలోకి వచ్చింది. చిత్రకారుడు యోషితొమో నారా ఎప్పుడో 1998లో వేసిన, అణుశక్తి వద్దనే పలక పట్టుకున్న పాప బొమ్మను ఊరేగింపుల్లో ఎవరైనా వాడుకోవచ్చన్నాడు. సరుకుగా తిరిగిన ముఖం నిరసన పత్రమైంది. షిబుయా స్టేషన్‌లో అణువిస్ఫోటాన్ని చిత్రించిన తారో ఒకమోతో భారీ కుడ్యచిత్రం మూలన, చిం పోం వాళ్లు పొగలు చిమ్ముతున్న ఫుకుషిమా రియాక్టర్ల చిన్న పలకను అతికించి వెళ్లారు. కళాకారుడు కెంజి యానొబె పసుపు రక్షణ దుస్తుల్లో, శిరస్త్రాణం చేతపట్టుకున్న ఆరు మీటర్ల పిల్లవాడి విగ్రహం చేశాడు. ఛాతీ మీద రేడియేషన్ మీటరు సున్నాలు చూపుతుంది. ఆశకు గుర్తుగా 2018 ఆగస్టులో దాన్ని ఫుకుషిమా నగరంలో నిలబెడితే ఊరివాళ్లు ఒప్పుకోలేదు. రక్షణ దుస్తులు వేసుకుంటే తప్ప మా ఊళ్లో బతకలేమని లోకం అనుకోదా, ప్రకృతిలో ఎక్కడా ఉండని సున్నా మా కొలతనా అని అడిగారు. మరుసటి నెలలోనే విగ్రహం తీసేశారు. ముద్దుబొమ్మ రాయబారం చేయలేని చోటు ఉందని అక్కడ తెలిసింది.

మురకామి ఈ దెబ్బకు ఇచ్చిన జవాబు ‘500 అర్హతులు’, అంటే జ్ఞానం పొందిన బుద్ధుడి శిష్యుల చిత్రం. వంద మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు. ఎడో (నేటి టోక్యో) నగరాన్ని 1855లో భూకంపం కుదిపిన రోజుల్లో చిత్రకారుడు కనో కజునొబు ఐదు వందల అర్హతులను నూరు పటాల మీద వేసిన సంగతిని అతనికి గుర్తుచేసి, పురిగొల్పిన పెద్దమనిషి త్సుజియే. మురకామి చేతికింద రెండు వందల మందికి పైగా కళా విద్యార్థులు పనిచేశారు. అర్హతుల ముఖాలు ముడతలు, మొటిమలు, ముసలితనంతో నిండి ఉంటాయి, ముద్దుతనం జాడే లేదు. విపత్తులో ముందుగా సాయపడిన ఖతర్‌కు కృతజ్ఞతగా 2012లో దోహాలో మొదట చూపించి, 2015లో టోక్యో మోరి మ్యూజియానికి తెచ్చారు. సొంత దేశంలో అతనికి పద్నాలుగేళ్ల తరవాత దొరికిన పెద్ద ప్రదర్శన అది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. మురకామి రచ్చ గెలిచాకే ఇంటి తలుపు తట్టాడు, అదీ ఇంటిని బయటివాళ్లకు వివరించడం ఆపేసిన పనితో.

2024లో క్యోటో క్యోసెరా మ్యూజియంలో జరిగిన ప్రదర్శన నాటికి తలుపు తెరుచుకుంది. ఖర్చుకు డబ్బు పుట్టించిన దారి కూడా అచ్చం జపాన్‌దే. నచ్చిన ఊరికి విరాళమిస్తే పన్ను తగ్గి, ఊరి నుంచి బహుమతి వచ్చే ‘ఫురుసాతో’ పథకంలో, ఇక్కడ బహుమతి మురకామి బొమ్మల ట్రేడింగ్ కార్డులు. ఆ విరాళాల వల్ల క్యోటో విద్యార్థులకు ప్రవేశం ఉచితమైంది. లోపల అడుగుపెట్టగానే మతబెయి గీసిన క్యోటో నగరచిత్రానికి మురకామి తిరిగి రాసిన విశాలమైన రూపం. మూలచిత్రం 1615 ప్రాంతంది. కుడివైపు తొయొతోమి వంశం కట్టిన బుద్ధాలయం, ఎడమవైపు తొకుగావాల నిజో కోట, మధ్యలో అంగళ్లు, ఆటగాళ్లు, బేరాలాడేవాళ్లు, రెండు వేలకు పైగా మనుషులు. ఆ రెండు వంశాల మధ్య ఆఖరి యుద్ధం ముంచుకొస్తున్న రోజుల్లోని సందడి అది. మురకామి ఆ సందడిని ఇంచుమించు ఉన్నదున్నట్టు ఉంచి, వీధుల్లో తన చిట్టి బొమ్మలను అక్కడక్కడ వదిలాడు. పైన తేలే బంగారు మబ్బులు దూరం నుంచి నునుపుగా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి వెలుతురు పక్కనుంచి పడేలా చూస్తే, బంగారు రేకు కింద ఉబ్బెత్తుగా వరసలు తీరిన పుర్రెలు.